కణాలకు వేసిన దండలు

మా ల్యాబులో రంగులు రెండే. ఒకటి నీలం కలిసిన ఊదా, ఇంకొకటి గులాబీ. ఆపరేషన్ థియేటర్ నుంచి సీసాలో వచ్చిన ముక్క ఏదైనా, ఎవరి ఒంట్లోదైనా, చివరికి ఆ రెండు రంగుల్లోనే బయటికి వస్తుంది. కణం నడుమ ఉండే బొట్టు ఊదాను పట్టుకుంటుంది, చుట్టూ ఉన్నది గులాబీని పట్టుకుంటుంది. రంగు వేయకముందు గాజు పలక మీద ఏమీ లేనట్టే ఉంటుంది. తెలియనివాళ్లు మా స్లయిడ్లు చూసి, మనిషి లోపల ఇంత అందంగా ఉంటుందా అని ఆశ్చర్యపోతారు. లోపల ఇట్లా ఉండదని, ఈ అందం మేము పూసిందేనని మొదట్లో చెప్పేదాన్ని. వాళ్ల ముఖాలు చిన్నబోవడం చూసి తర్వాత మానేశాను.

నేను పటాన్‌చెరులో కిరాయికి ఉంటూ సంగారెడ్డి వైపు ఒక ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తాను. పుట్టింది జోగిపేట దగ్గర. నా పని కోయడం, రంగు వేయడం. వచ్చిన ముక్కను కుళ్లకుండా ఫార్మాలిన్ మందులో నానబెడతాం, మైనంలో బిగిస్తాం, వెంట్రుక కన్నా సన్నగా పొరలు తీస్తాం. ఆ పొర గోరువెచ్చని నీళ్ల మీద మీగడలా తేలితే గాజు పలక మీదికి ఎత్తుకుంటాం. రంగు వేసిన పలకను మైక్రోస్కోపు కింద పెట్టుకుని అది ఏ జబ్బో, అసలు జబ్బేనో కాదో చెప్పేది మా డాక్టరమ్మ. ఇన్నేళ్లుగా చూసి చూసి నా కంటికీ కొంత తెలుస్తుంది గానీ, తెలిసింది నోటితో అనకూడదు. ఈ ఉద్యోగంలో చేరినప్పుడు మొదట నేర్పింది అదే. నా స్వభావానికి అది కష్టం కాలేదు.

కింద ఇంట్లో ఓనరమ్మ ఉంటుంది. నేను ఆమెను అక్కా అంటాను, ఆమె నన్ను చెల్లె అంటుంది. వెలిమెల దిక్కు వాళ్లకు భూమి ఉండేది. ఇప్పుడు అక్కడ అపార్టుమెంట్లు లేచాయి. వచ్చినదాంతో పటాన్‌చెరులో ఈ ఇల్లు కట్టుకుని పై గదులు కిరాయికి ఇచ్చారు. వాళ్లాయన ఒక కంపెనీలో స్టోర్స్ చూస్తాడు. అక్క నోరు పదునైనది. నేను డ్యూటీ నుంచి రాగానే ముక్కుకు కొంగు పెట్టుకునేది.

"నీ మీద దవాఖాన వాసన, బయట మందుల ఫ్యాక్టరీ వాసన. నడుమ నా పప్పు పోపు వాసన ఎవ్వలకూ తెలుస్తలేదు" అనేది.

ఆ అక్కకు చెవి కింద ఒక గడ్డ లేచింది. చాలా రోజులు దాన్ని పంటినొప్పి ఖాతాలో వేసి లవంగాలు నమిలింది. నేను పోరుపెట్టి మా ఆస్పత్రికి తీసుకుపోయాను. గడ్డ తీశారు, ముక్క మా ల్యాబుకే వచ్చింది. నంబరు చూసి అది అక్కదని నాకు తెలిసింది. కోసిందీ, రంగు వేసిందీ నేనే. లాలాజలం ఊరే గ్రంథిలో వచ్చే ఒకరకం క్యాన్సరని, మెల్లగా పెరుగుతుందని, ఎన్నేళ్లకైనా తిరిగి వచ్చే గుణం దానికి ఉందని డాక్టరమ్మ చెప్పింది. అక్క నగరానికి పోయి రేడియేషన్, మా దిక్కు మాటలో కరెంటు, పెట్టించుకుని వచ్చింది. చెవి కింద గీత మిగిలింది. అప్పటి నుంచి కొంగు తల మీదుగా తెచ్చి ఆ పక్క కప్పుకుంటుంది. ఇదంతా బొమ్మల సంగతికి ముందు జరిగింది.

బొమ్మల సంగతి ఎట్లా మొదలయిందంటే, మా డాక్టరమ్మకు చిన్నప్పుడు బళ్లో తోటి చదివిన ఒక చిత్రకారిణి ఉంది. కోస్తా వైపు ఆమె. ఈ మధ్యే వెలిమెలలో ఫ్లాటు కొనుక్కుని వచ్చింది. అక్కా వాళ్ల పాత భూమికి పెద్ద దూరం కాదు. డాక్టరమ్మకు చాలాకాలంగా ఒక బాధ ఉంది. రోగి తన ఒంట్లో ఏం లేచిందో ఒక్కసారి కూడా చూడకుండా, అర్థంకాని పేరు ఒకటి కాగితం మీద పట్టుకుని పోతాడని. చూపిస్తే భయం సగం పోతుందని ఆమె నమ్మకం. చిత్రకారిణికి అట్లాంటి నమ్మకాలు లేవు. ఆమెకు ఆకారాలు కావాలి. ఇద్దరూ కలిసి కణాల బొమ్మలు పెద్దవి చేయించి ఎగ్జిబిషన్ పెడదామనుకున్నారు. ఎవరి పిచ్చి వారికి ఆనందం అని నేను ఊరుకున్నాను.

మా దగ్గర ఒకే స్లయిడును ఇద్దరు కూర్చుని చూసే మైక్రోస్కోపు ఉంది. చిత్రకారిణి ఒక పక్క, నేను ఒక పక్క కూర్చున్నాం. నేను పలకను జరుపుతుంటాను, ఆమె చూస్తుంటుంది. నచ్చినచోట "ఆగండి" అంటుంది, నేను ఫోటో తీస్తాను. ముందుగా ఆరోగ్యంగా ఉన్నవి పెట్టాను. అన్నీ వరుసలో, ఒకే కొలతలో, ఎక్కడి బొట్టు అక్కడ. నాకు అవి చూస్తే ఉతికి మడతపెట్టిన బట్టలు చూసినంత హాయి.

ఆమె కాసేపు చూసి, మర్యాదగానే, "ఇందులో ఏమీ జరగడం లేదండీ" అంది.

నేను ఆ పలకలు తీసి పెట్టెలో పెట్టేశాను. తర్వాత పెట్టినవాటి దగ్గర ఆమె గొంతే మారిపోయింది. దూరపు కొండలు నునుపు అంటారు. మా దగ్గర అది తలకిందులు, దగ్గరికి పోయినకొద్దీ నునుపు. కడుపులో పుండ్లు, మెడలో గడ్డలు, అన్నీ ఆమెకు నదులుగా, పూలుగా, మబ్బులుగా కనిపించాయి. సాయంత్రానికి ఆమె ఏరుకున్న పలకలన్నీ ఒక ట్రేలో చేరాయి. చూసుకుంటే ఒక్కటీ ఆరోగ్యంగా ఉన్నది లేదు. అట్లా చేయాలని ఎవరూ అనుకోలేదు. డాక్టరమ్మ ట్రే చూసి నవ్వి, "జబ్బుకే హుషారెక్కువ" అంది.

ఆ ట్రేలో అక్క స్లయిడు కూడా ఉంది. అరుదైన రకం కాబట్టి డాక్టరమ్మే తీసి ఇచ్చింది. ఊదా రంగు కణాలు గుంపులు గుంపులుగా, గుంపు నిండా గుండ్రటి రంధ్రాలు, రంధ్రాల్లో లేత గులాబీ. చిత్రకారిణి కళ్లు అద్దానికి ఆనించి చాలాసేపు తీయలేదు.

"ఎవరిదండీ ఇది?"

"మాకు నంబర్లే ఉంటాయి మేడం" అన్నాను.

ఎంచుకున్న పలకలు ఎవరివో వాళ్లందరినీ డాక్టరమ్మ పిలిపించి, విషయం చెప్పి, ఒప్పుకున్నవాళ్లవే ఉంచింది. అక్కను కూడా పిలిపించింది. అక్క సంతకం పెట్టేముందు ఒక్క షరతు పెట్టింది. పేరు రాయొద్దని.

"మావోళ్లకు తెలిస్తె అందరు పరామర్శకు వస్తరు డాక్టరమ్మా. వచ్చినోళ్లకు చాయ్ పెట్టుడే నాకు పనయితది" అంది.

మొదటి ఎగ్జిబిషన్ నగరంలో ఒక గ్యాలరీలో పెట్టారు. తెల్ల గోడలు, చల్లటి ఏసీ, ఎవరూ గట్టిగా మాట్లాడరు. నేను తీసిన ఫోటోలు మనిషి ఎత్తు గుడ్డల మీద అచ్చయ్యాయి. వాటి మీద చిత్రకారిణి సన్న కుంచెతో కణాల అంచులన్నీ మళ్లీ దిద్దింది. ఆ పని చూసి మాత్రం నేను ఆమెను మనసులో మెచ్చుకున్నాను. ఒక్కో బొట్టునూ విడిగా, తొందర లేకుండా దిద్దింది. అక్క బొమ్మకు 'వెన్నెల జల్లెడ' అని పేరు పెట్టింది. జబ్బుకు పేరు పెట్టమంటే డాక్టర్లు నోరు తిరగని మాట పెడతారు, ఈమె కవిత్వం పెట్టింది. దాని ముందు ఒకాయన చేతులు కట్టుకుని నిలబడి, ఎంత ప్రశాంతంగా ఉందో అని పక్కావిడతో అన్నాడు. లవంగాలు నమిలిన అక్క నాకు గుర్తొచ్చింది. ఆయన తప్పేం లేదు, ఆయనకు బొమ్మే తెలుసు.

ఇంటికి వచ్చి ఫోనులో చూపిస్తే అక్క వేళ్లతో పెద్దది చేసి, చిన్నది చేసి చూసింది.

"వెన్నెలా గిన్నెలా ఏం లేదు. నాకు నొప్పి ఉండె" అంది. మళ్లీ తనే, "కని మంచిగనే ఉన్నది. గోడ మీద పెద్దగ ఎట్ల కనవడతదో సూడాలె" అంది.

నగరానికి పోదామంటే రానంది. డాక్టరమ్మకు కూడా, ఆ ముక్కలు ఎక్కడి నుంచి వచ్చాయో అక్కడి వాళ్లు ఈ బొమ్మలు చూడాలని ఉంది. మా దిక్కు గ్యాలరీ అనేది ఎక్కడుంది? ఉన్నవి ఫంక్షన్ హాళ్లు. అక్కే దారి చూపించింది. ఆమె బావగారికి హైవే మీద ఒక ఫంక్షన్ హాల్ ఉంది. ముహూర్తాలు లేని రోజుల్లో ఖాళీగానే ఉంటుంది. ఒకప్పుడు ఆయన జొన్నచేను ఉన్న జాగా అది. అడగగానే ఇచ్చాడు, కరెంటు బిల్లు మీరే చూసుకోవాలన్నాడు.

అంతా కుదిరి, ఇక వారం ఉందనగా, ఒక పొద్దున నేను మెట్లు దిగుతుంటే అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది. కొంగు తీసి, నా వేలు పట్టుకుని చెవి కింద గీత పక్కన పెట్టింది. చిక్కుడు గింజంతది ఏదో గట్టిగా తగిలింది.

"ఎప్పటి నుంచక్కా?"

"నాకు ఎర్కలే. తలకు పోసుకుంటుంటె చేతికి తాకింది. మీ బావకు చెప్పలేదు."

అక్క ముఖం ఎప్పటిలాగే ఉంది. నా వేలు మాత్రం చాలాసేపు వదల్లేదు.  నేను ఆ పొద్దునే డాక్టరును అడిగి రోజు తీసుకున్నాను. ఎగ్జిబిషన్ ఆదివారం, అక్కకు పరీక్ష కోసం ముక్క తీసేది సోమవారం. ఇవి రెండూ పక్కపక్కన పడటం ఎవరూ కావాలని చేసింది కాదు.

"ఇప్పుడెందుకక్కా ఆ బొమ్మలు చూసుడు, ఇంట్లనే ఉండు" అన్నాను.

"సోమవారం ఏమంటరో ఏమో. ఆదివారమన్న మంచిగ తయారయి పోత" అంది.

ఆదివారం పొద్దున ఇద్దరం ఆటోలో పోయాం. అక్క పట్టుచీర కట్టుకుంది, కొంగు ఎప్పటిలాగే ఆ పక్క కప్పుకుంది. హాల్ గుమ్మం దగ్గర చెప్పుల గుట్ట చూసి నాకు వింతగా అనిపించింది. నగరంలో ఎవరూ చెప్పులు విప్పలేదు. లోపలికి అడుగుపెట్టాక అర్థమయింది.

ప్రతి పటానికీ బంతిపూల దండ వేసి ఉంది.

మా దిక్కు గోడకున్న ఫోటోకు దండ పడిందంటే ఆ మనిషి లేనట్టే. ఎవరూ చెప్పనక్కర్లేదు, చిన్న పిల్లలకు కూడా తెలుసు. హాల్లో దండలు కట్టే ఆయనకు పెళ్లిళ్లు, దినాలు రెండూ అలవాటు. ఎన్ని ఫోటోలని అడిగాడట, బావగారు లెక్క చెప్పాడట, అన్ని దండలు కట్టుకుని వచ్చాడు. గోడలకు పటాలు ఎక్కించిన బీహారు కుర్రాళ్లు స్టూలు ఎక్కి వేసేశారు. పక్కనే అగరొత్తులు కూడా వెలుగుతున్నాయి. వచ్చిన జనం చెప్పులు విప్పి, గొంతులు తగ్గించి, ఒక్కో పటం ముందు ఆగి చేతులు జోడిస్తున్నారు. కణాలకు అంత మర్యాద జరగడం నేను అంతకు ముందు చూడలేదు, తర్వాత చూడలేదు.

తలపాగా చుట్టుకున్న ఒక ముసలాయన నా దగ్గరికి వచ్చి, "ఇంతమందా బిడ్డా? ఏ కంపెనీల అయింది?" అని మెల్లగా అడిగాడు.

ఆయన కళ్లల్లో నిజమైన బాధ ఉంది. బాయిలర్ పేలిందనుకున్నాడు. బొమ్మల్లో మనుషుల ముఖాలు లేకపోయినా ఆయనకు అనుమానం రాలేదు. మా ఫ్యాక్టరీల బెల్టులో అట్లాంటి వార్త వింటూ పెరిగినవాళ్లకు ఒకే గోడ మీద అన్ని దండలు కనిపిస్తే ఇంకేం తోస్తుంది. కాదు తాతా, ఎవరూ పోలేదు, ఇవి ఒంట్లో ఉండే కణాల బొమ్మలు అని చెప్పాను. ఆయన నన్ను, దండలను మార్చి మార్చి చూసి, "ఎవ్వలు పోకుంటె దండలెందుకు ఏస్తరు?" అన్నాడు. 

చిత్రకారిణి అప్పటికే వచ్చి ఉంది. ఆమెకు ఏమీ పట్టలేదు. పసుపుపచ్చ పూలు ఊదా మీద ఎంత బాగా తేలాయో అని ఫోనుతో ఫోటోలు తీసుకుంటోంది. డాక్టరమ్మ ఇంకా దారిలో ఉంది. నేను దండలాయనను పట్టుకుని కోపంగానే అడిగాను.

"ఫోటోలన్నరు మేడం. ఫోటోలంటె దండలే గద. నేనేమన్న తక్కువ చేసిన్నా?" అన్నాడు.

ఆయన వైపు నుంచి చూస్తే అది సరైన మాటే. ఇక తీయించేద్దామని వెనక్కి తిరిగేసరికి పక్కన అక్క లేదు. ఎవరూ చూపించకుండానే తన పటం దగ్గరికి పోయి నిలబడి ఉంది. ఫోనులో చూసిన గుర్తుతో పట్టుకుంది. ఆమె కన్నా పొడుగైన పటం, దాని మీద బంతిపూల దండ, ఒక పక్కకు ఒరిగి వేలాడుతోంది.  రేపు గడ్డ ముక్క తీయించుకోబోయే మనిషికి ఈ రోజు దండ చూపించాను. ఇంట్లో ఉంచాల్సింది అనుకున్నాను. దగ్గరికి పోయి మాట్లాడకుండా దండకు చెయ్యి వేశాను.

అక్క నా మణికట్టు పట్టుకుంది. "ఆగు" అంది. "ఇవి బతికున్నయా?"

"ఏవక్కా?"

"గివే. గీ బొట్లు."

"లేవక్కా. ముక్కను మందు సీసాల ఏసిన్నాడే సచ్చిపోయినయి. సావకుంటె రంగు పట్టదు."

అక్క కాసేపు పటాన్ని చూసింది. తర్వాత చెయ్యి ఎత్తి, ఒరిగిన దండను సరిచేసి, రెండు పక్కలా సమానంగా ఉందో లేదో ఒక అడుగు వెనక్కి వేసి చూసుకుంది.

"అయితె దండ సరిగ్గనే పడ్డది" అంది.

 ఆ తర్వాత అక్క పెళ్లికి వచ్చినదానిలాగే అన్నీ తిరిగి చూసింది. ప్రతి పటం దగ్గర ఇది ఎక్కడిది, ఇది ఆడమనిషిదా మొగమనిషిదా అని అడిగింది. దండలు తీయొద్దని దండలాయనకు తనే చెప్పింది. చిత్రకారిణి ఎదురుపడితే నేను పరిచయం చేశాను, మా ఓనరమ్మ అని మాత్రమే.

"మీరేనా ఇవి ఏసింది? చెయ్యి మంచిగున్నది" అంది అక్క. "కని ఒక్క మాట అడుగుతమ్మా. మంచిగున్నోళ్లయి ఒక్కటి గూడ పెట్టలేదేంది?"

చిత్రకారిణి తడబడింది. అబద్ధం చెప్పే మనిషి కాదు ఆమె. "చూశానమ్మా. వాటిలో చూడటానికి ఏమీ ఉండదు. అన్నీ ఒకేలా ఉంటాయి" అంది.

"ఏం ఉండదా?"

"ఏమీ ఉండదు. ఎంతసేపు చూసినా గులాబీ రంగే. గోడకు పెడితే ఎవరూ ఆగరు."

అక్క తల ఊపింది.  డాక్టరమ్మ వచ్చేసరికి జనం బాగానే ఉన్నారు. ఆమె దండలు చూసి ఒక్క క్షణం తల పట్టుకుని, తర్వాత మైకు తీసుకుని కణం అంటే ఏమిటో, రంగు ఎందుకు వేస్తామో, గడ్డ కనిపిస్తే లవంగాలు నమలకుండా ఎందుకు రావాలో చెప్పింది. అక్క ఆ మాటకు నన్ను మోచేత్తో పొడిచింది. ఆ రోజు గడ్డలు ఉన్నాయని చూపించుకోవడానికి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు హాల్ వెనక వంటగదిలోకి డాక్టరమ్మను పిలుచుకుపోయారు. నగరంలో గ్యాలరీకి వచ్చినవాళ్లు ఒక్కరూ అట్లా అడగలేదు. దండల వల్లే అనుకుంటాను, ఇక్కడి జనానికి ఈ బొమ్మలు నిజమైన మనుషులవని తెలిసింది.

తిరిగి ఆటోలో వస్తున్నప్పుడు అక్క లారీల దుమ్ముకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఇస్నాపూర్ చౌరస్తా దాటాక, నా వైపు చూడకుండానే అంది.

"అందరి ముంగట ధైర్నం చెప్పిన గని, చెల్లె, దండ సూడంగనే నా పానం జల్లుమన్నది. రేపటిదాంట్ల గూడ అదే ఉంటె?"

"ఉండదక్కా" అని అనాలని నోటిదాకా వచ్చింది. అనలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాను, ఇల్లు వచ్చేదాకా అట్లాగే కూర్చున్నాం. కొంగు కింద ఆమె రెండో చెయ్యి చెవి దగ్గరే ఉంది.

సోమవారం ముక్క తీశారు. సీసా మా బల్ల మీదికి వచ్చింది. ఇంకెవరికైనా ఇచ్చి ఉండవచ్చు గానీ నాకు ఇవ్వబుద్ధి కాలేదు. నానడానికి పట్టే సమయం పట్టింది. తొందరపడితే పొర చిరుగుతుంది, రంగు సరిగా అంటదు. అక్క రోజూ మెట్ల దగ్గర నిలబడేది, ఏమీ అడిగేది కాదు. నేను కూడా వంటల గురించి, నీళ్ల ట్యాంకరు గురించి మాట్లాడి పైకి వెళ్లిపోయేదాన్ని.

పొర కోసిన రోజు మొదటి పొర ముడతపడింది, పారేసి ఇంకొకటి తీశాను. రంగులో ముంచి, కడిగి, ఆరబెట్టి, నా మైక్రోస్కోపు కింద పెట్టాను. రంగు బాగా పట్టిందో లేదో చూసుకోవడం నా పనే, అంతవరకు తప్పు లేదు. ఊదా గుంపుల కోసం, రంధ్రాల కోసం ఈ చివర నుంచి ఆ చివరి దాకా జరిపాను. మళ్లీ జరిపాను. గులాబీ రంగు పీచు, అక్కడక్కడ ఒక సన్నని ఊదా గీత, మళ్లీ గులాబీ. కానీ నా కన్ను వేరు, డాక్టరు కన్ను వేరు. ఒక మూల నక్కి ఉంటే నాకు తెలియకపోవచ్చు. పలకను ట్రేలో మిగతావాటితో పాటు పెట్టి లోపల ఇచ్చి, గది బయట నిలబడ్డాను. డాక్టరమ్మ నన్ను ఎప్పుడూ అట్లా నిలబడి ఉండగా చూడలేదు.

చాలాసేపు చూసింది. ఇంకా లోతుగా కోసిన పొరలు కూడా కావాలంది, ఇచ్చాను. అవీ చూసింది. చివరికి కళ్లు ఎత్తి, "పాత కుట్టు మానిన మచ్చ, అంతే. ఏమీ లేదు. వెళ్లి చెప్పు, రిపోర్టు రేపు ఇస్తాను" అంది.

ఆమె నన్ను అట్లా చెప్పమనడం అదే మొదటిసారి. నేను ఏప్రన్ విప్పి, బస్సు ఎక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. ఫ్యాక్టరీల వాసన వస్తోంది, నాకు అది కూడా బాగానే ఉంది. సంతోషంగా ఉన్నాననే సంగతి పటాన్‌చెరులో దిగాక గానీ నాకు తెలియలేదు, అప్పటికే నా స్టాపు దాటి ముందుకు వచ్చేశాను.

అక్క గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. నన్ను చూసి కొంగు చెవి మీదికి లాక్కుంది. చేతులు ఆగలేదు.

"రంగు ఏసినవా?" అంది.

"ఏసిన."

"గోడకు పెట్టొచ్చా?"

దారంతా ఎట్లా చెప్పాలా అని అనుకుంటూ వచ్చాను. ఆమె అడిగిన తీరులోనే దారి దొరికింది.

"పనికిరాదక్కా" అన్నాను. "చూసెటందుకు ఏం లేదు. అంత గులాబి రంగే."

సగం తుంచిన చిక్కుడుకాయ అక్క చేతిలోనే ఉండిపోయింది. నా ముఖం వైపు చూసింది. "డాక్టరమ్మ సూసిందా?"

"సూసింది. ఆమెనే చెప్పుమన్నది."

"ఏం లేదన్నదా?"

"ఏం లేదన్నది."

అప్పుడు కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. గడ్డ తీసినప్పుడు ఏడవలేదు, కరెంటు పెట్టినప్పుడు ఏడవలేదు, దండ చూసినప్పుడు ఏడవలేదు. నేను పక్కన కూర్చుని మిగిలిన చిక్కుడుకాయలు తుంచాను. కాసేపటికి కొంగుతో ముక్కు తుడుచుకుని, ఈనెలు సరిగా తీయడం లేదని నన్ను కోప్పడింది.

చెప్పొద్దూ, ఆ తర్వాత ఆమె అడిగింది నేను ఊహించలేదు. ఆ గులాబీ రంగుది ఫోటో తీసి, పెద్దది చేయించి ఇమ్మంది. డాక్టరమ్మ ఒప్పుకుంది. చిత్రకారిణికి చెబితే అచ్చు తానే వేయించి పంపింది. ఈసారి కుంచె పెట్టలేదు, పేరూ పెట్టలేదు. వెన్నెల జల్లెడ మాత్రం ఇంకెక్కడో ఊళ్లు తిరుగుతోంది, జనం దాని ముందు ఆగుతూనే ఉన్నారట.

గులాబీ పటం అక్క వాళ్ల ముందు గదిలో గోడకు ఉంది. ఒక పక్క అక్క మామగారి ఫోటో, ఇంకో పక్క అత్తగారి ఫోటో, రెంటికీ ప్లాస్టిక్ పూల దండలు. నడుమ ఇది. ఎంతసేపు చూసినా ఇందులో ఏమీ జరగదు. కిరాయికి వచ్చేవాళ్లు, చుట్టాలు, పాలు పోసే ఆయన, అందరూ ఇదేందని అడుగుతారు.

"నా ఫోటో" అంటుంది అక్క.

దానికి దండ లేదు.